0.1 నార్మల్ సల్ఫ్యూరిక్ యాసిడ్ చేస్తే 0.2 ఎందుకొచ్చింది

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివా. పాశమైలారంలో క్యూసీలో (క్వాలిటీ కంట్రోల్, నాణ్యత పరీక్షించే ల్యాబ్) చేరి మూడు నెలలైంది, ఒక లీటర్ 0.1 నార్మల్ సల్ఫ్యూరిక్ యాసిడ్ చెయ్యమన్నారు, బాటిల్ మీద 98 శాతం, డెన్సిటీ 1.84 అని చూసి లెక్కేసి 5.4 ఎంఎల్ కలిపావ్, తర్వాత సోడియం కార్బొనేట్ 0.1060 గ్రాములు తూచి, బ్యూరెట్ (గీతలున్న గాజు గొట్టం) నుంచి దాంట్లోకి ఆ యాసిడ్ వదిలి టైట్రేట్ చేస్తే 20 ఎంఎల్ దగ్గర రావాల్సిన ఎండ్ పాయింట్ (రియాక్షన్ పూర్తయిందని రంగు మారి చెప్పే చోటు) 10.1కే వచ్చేసింది, మీ సీనియర్ "మళ్ళీ చెయ్" అని వెళ్ళిపోయాడు. తప్పెక్కడో ఎవరూ చెప్పలేదు. దాంతోపాటు పొటాషియం పర్మాంగనేట్ అణుభారాన్ని ఒకచోట 5తో, ఇంకోచోట 3తో ఎందుకు భాగిస్తారు అని కూడా అడిగావ్. రెండిటికీ మూలం ఒకటే, అందుకే కలిపి చెప్తా, కొంచెం పొడుగవుతుంది, చాయ్ తెచ్చుకుని కూర్చో.

నువ్వు తూకం సరిగ్గానే తూచావ్, కొలత సరిగ్గానే కొలిచావ్, ఎండ్ పాయింట్ కూడా సరిగ్గానే పట్టుకున్నావ్, ఆ 10.1 నిజమైన రీడింగే. నువ్వు లెక్కేసింది మోలారిటీ (లీటర్‌లో ఎన్ని మోల్స్ ఉన్నాయో), లేబుల్ మీద రాసింది నార్మాలిటీ, అంతే జరిగింది. నేను ఈ పనిలో ఇరవై ఏళ్ళ పైనుంచి ఉన్నా, ట్రైనీగా వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది మొదటి నెలల్లో ఇక్కడే ఆగిపోవడం చూశా, ఎందుకంటే ఇంటర్‌లో ఫార్ములా బట్టీ పట్టిస్తారు గానీ అది దేన్ని లెక్కపెడుతుందో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు.

తెలుగు మీడియం పుస్తకంలో "ఒక లీటరు ద్రావణంలో ఉన్న ద్రావితపు గ్రామ్ తుల్యాంకాల సంఖ్య నార్మాలిటీ" అని ఉంటుంది. ఆ తుల్యాంకం అనే మాట దగ్గరే అందరికీ బండి ఆగేది. నువ్వు రోజూ పటాన్‌చెరు నుంచి ఇస్నాపూర్ దాకా షేర్ ఆటోలో వెళ్తావ్ కదా, దాంతోనే చెప్తా. ఇస్నాపూర్ చౌరస్తాలో నిలబడి ఎన్ని బండ్లు వచ్చాయో లెక్కపెడితే అది మోలారిటీ. ఆ బండ్లలోంచి ఎంతమంది మనుషులు దిగారో లెక్కపెడితే అది నార్మాలిటీ. హైడ్రోక్లోరిక్ యాసిడ్ అంటే ఒక్కడే కూర్చున్న బైకు, బండి ఒకటి, దిగేది ఒకరు, అందుకే దానికి మోలారిటీ, నార్మాలిటీ రెండూ ఒకటే. సల్ఫ్యూరిక్ యాసిడ్ బండిలో ఇద్దరుంటారు (రెండు హైడ్రోజన్లు), ఇద్దరూ దిగుతారు, కాబట్టి 0.1 మోలార్ బండ్లు పంపితే 0.2 నార్మల్ మనుషులు దిగుతారు. నీ ఫ్లాస్కులో జరిగింది సరిగ్గా ఇదే.

ఇప్పుడు నీ లెక్క మళ్ళీ వేద్దాం, ఫార్ములా గుర్తులేకపోయినా వచ్చేటట్టు. ఒక లీటర్ కాన్సంట్రేటెడ్ సల్ఫ్యూరిక్ యాసిడ్ ఎంత బరువు, డెన్సిటీ 1.84 కాబట్టి 1840 గ్రాములు. అందులో అసలు యాసిడ్ 98 శాతం, అంటే దాదాపు 1803 గ్రాములు. దీన్ని అణుభారం 98.08తో భాగిస్తే 18.4 వస్తుంది, నువ్వు ఇక్కడే ఆగిపోయావ్, ఇది మోలారిటీ. తుల్యాంక భారం అంటే అణుభారాన్ని దిగే మనుషుల సంఖ్యతో భాగించింది, 98.08ని 2తో భాగిస్తే 49.04, 1803ని 49.04తో భాగిస్తే 36.8. నీ బాటిల్ నార్మాలిటీ అది. ఇక ఎన్1వి1 ఈక్వల్ టు ఎన్2వి2 (ఎన్ అంటే నార్మాలిటీ, వి అంటే వాల్యూమ్) పెట్టు, 36.8 × వి = 0.1 × 1000, వి దాదాపు 2.72 ఎంఎల్. నువ్వు 5.4 పోశావ్ అంటే రెండింతలు. సోడియం కార్బొనేట్ తుల్యాంక భారం 53, 0.1060 గ్రాముల్ని 53తో భాగించి వెయ్యితో గుణిస్తే 2 మిల్లీ ఈక్వివలెంట్లు (తుల్యాంకంలో వెయ్యో వంతులు), దాన్ని 10.1తో భాగిస్తే 0.198. చూశావా, నువ్వు పోసిన 5.4 ఎంఎల్‌కి లెక్క ప్రకారం రావాల్సింది 0.1986, అంటే నీ టైట్రేషన్ చాలా బాగా చేశావ్ అని అర్థం.

వాకిన్ ఇంటర్వ్యూల్లో "కాన్సంట్రేటెడ్ హైడ్రోక్లోరిక్ ఎన్ని నార్మల్, సల్ఫ్యూరిక్ ఎన్ని నార్మల్" అని అడుగుతారు, 12, 36 అని అందరూ టకటకా చెప్పేస్తారు, నైట్రిక్ అయితే 16కి దగ్గర, గ్లేషియల్ అసిటిక్ 17.4. ఇవి గుర్తుంటే మంచిదే గానీ బాటిల్ చూడకుండా వాడకు. హైడ్రోక్లోరిక్ 37 శాతం, డెన్సిటీ 1.18 అయితే దాదాపు 12 వస్తుంది, అదే యాసిడ్ 35.4 శాతం ఉన్న బాటిల్ తీసుకుంటే 11.5 దగ్గరే ఆగుతుంది, పైగా ఎన్నిసార్లు మూత తీస్తే అంత పొగ పోతుంది. అందుకే ఈ ద్రవ యాసిడ్ల లెక్క అంతా సుమారు లెక్కే, ఎంత పోయాలో తెలుసుకోవడానికి మాత్రమే. అసలు నార్మాలిటీ బ్యూరెట్ చెప్తుంది. నేనైతే సల్ఫ్యూరిక్ 2.72 కాకుండా 2.8, 2.9 అలా కొంచెం ఎక్కువే తీసుకుంటా, ఎందుకంటే ఎక్కువైతే నీళ్ళు పోసి సరిచెయ్యొచ్చు, తక్కువైతే మళ్ళీ యాసిడ్ తెరవాలి. ఇంకోటి, నువ్వు ఇలా చేస్తున్నావనే అనుకుంటున్నా గానీ చెప్పకుండా ఉండలేను, నీళ్ళలోకి యాసిడ్ పొయ్యాలి, యాసిడ్‌లోకి నీళ్ళు కాదు, ముందు ఫ్లాస్కులో 500, 600 ఎంఎల్ నీళ్ళుండాలి, సన్నగా గోడ వెంబడి పొయ్యి, చల్లారేదాకా మార్క్ దాకా నింపకు. వేడిగా ఉన్నప్పుడే మార్క్ దాకా నింపితే చల్లారాక లెవెల్ కిందికి దిగిపోయి కనిపిస్తుంది.

అయితే దిగే మనుషుల సంఖ్య అంటే హైడ్రోజన్ల సంఖ్యేనా అని నీకు అనుమానం వస్తుంది, రావాలి కూడా. అసిటిక్ యాసిడ్‌లో నాలుగు హైడ్రోజన్లున్నాయి, దిగేది ఒక్కటే. బోరిక్ యాసిడ్‌లో మూడున్నాయి, లెక్కకొచ్చేది ఒకటే. ఇక అందరినీ తికమక పెట్టేది ఫాస్ఫారిక్ యాసిడ్. దాంట్లో ముగ్గురు కూర్చున్న ఆటో అనుకో, మిథైల్ ఆరెంజ్ లాంటి ఇండికేటర్‌తో పీహెచ్ నాలుగున్నర దగ్గర ఆపితే ఒక్కరే దిగి ఉంటారు, తుల్యాంక భారం 98. ఫినాఫ్తలీన్ దాకా పోతే ఇద్దరు దిగి ఉంటారు, అప్పుడు 49. మూడోవాడు నీళ్ళలో మామూలు టైట్రేషన్‌లో దిగనే దిగడు. మరి ఆ బాటిల్ నార్మాలిటీ ఎంత అని నన్ను అడిగితే, నువ్వు ఏ స్టాప్‌లో నిలబడ్డావో చెప్పు, అప్పుడు చెప్తా అంటా. సోడియం కార్బొనేట్ కూడా అంతే, ఫినాఫ్తలీన్ రంగు పోయే దగ్గర ఆపితే సగం పనే అయింది, తుల్యాంక భారం 106, మిథైల్ ఆరెంజ్ దాకా పోతే పూర్తి పని, 53.

నేను ఇన్నేళ్ళలో నేర్చుకున్నది ఇదొక్కటే అనుకో. మోలారిటీ బాటిల్‌లో ఉంటుంది, నార్మాలిటీ రియాక్షన్‌లో ఉంటుంది. "ఈ ద్రావణం ఎన్ని నార్మల్" అనే ప్రశ్నకి ముందు "దేనితో, ఏ కండిషన్‌లో" అని అడగాలి. మా దగ్గర ట్రైనీలు వస్తే నేను లెక్క అడగను, ముందు రియాక్షన్ కాగితం మీద రాయమంటా, అది రాస్తే ఎన్ ఫ్యాక్టర్, అంటే ఆ దిగే మనుషుల సంఖ్య, దానంతట అదే కనిపిస్తుంది.

పర్మాంగనేట్‌కి కూడా ఇదే జవాబు. అక్కడ దిగేది హైడ్రోజన్లు కాదు, ఎలక్ట్రాన్లు. పర్మాంగనేట్‌లో మాంగనీస్ ప్లస్ 7 స్థితిలో ఉంటుంది. సల్ఫ్యూరిక్ యాసిడ్ సరిపడా ఉంటే ప్లస్ 2 దాకా దిగుతుంది, ఐదు ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది, 158.03ని 5తో భాగిస్తే 31.6. న్యూట్రల్‌గా గానీ కొద్దిగా ఆల్కలీగా గానీ ఉంటే ప్లస్ 4 దగ్గరే ఆగిపోతుంది, మూడు ఎలక్ట్రాన్లే, 52.7. బాగా గట్టి ఆల్కలీలో అయితే ఒక్క ఎలక్ట్రాన్ తీసుకుని మాంగనేట్ అయి కూర్చుంటుంది, 158 మొత్తం. ఇది బట్టీ పట్టక్కర్లేదు, ఫ్లాస్కులో రంగు చూడు. ఊదా రంగు పూర్తిగా పోయి తెల్లగా నీళ్ళలా అయిందా, ఐదు. గోధుమ రంగు మడ్డి దిగిందా, మూడు. ఆకుపచ్చగా మారిందా, ఒకటి. ఒకే బాటిల్, లీటర్‌కి 3.16 గ్రాములు వేసి చేసింది, 0.02 మోలార్, అది ఆమ్లంలో 0.1 నార్మల్, న్యూట్రల్‌లో 0.06 నార్మల్, గట్టి క్షారంలో 0.02 నార్మల్. లేబుల్ మీద ఒట్టి "0.1 ఎన్" అని రాసిపెడితే ఆ మనిషి ఏ పని కోసం చేశాడో చదివేవాడికి తెలియదు, అందుకే నేను రెడాక్స్ ద్రావణాలకి పక్కనే మోలారిటీ కూడా రాయిస్తా.

పర్మాంగనేట్ గురించి ఇంకాస్త చెప్తా, ఎందుకంటే అది చెయ్యడం ఒక్కసారి మంచిగా నేర్చుకుంటే మిగతావన్నీ తేలిక. కచ్చితంగా 3.16 తూచినా లాభం లేదు, నీళ్ళలో ఏ కొంచెం సేంద్రియ మలినం ఉన్నా దాన్ని కూడా ఆక్సీకరించి కొంత ఖర్చైపోతుంది, అందుకే 3.2 వేసి, కాసేపు మరిగించి, ఒకటి రెండు రోజులు చీకట్లో ఉంచి, గ్లాస్ వూల్ మీదో సింటర్డ్ క్రూసిబుల్‌లోనో వడకట్టి బ్రౌన్ బాటిల్‌లో పొయ్యాలి. ఫిల్టర్ పేపర్ వద్దు, పేపర్‌ని కూడా అది తినేస్తుంది. స్టాండర్డైజ్ చెయ్యడానికి, అంటే అసలు నార్మాలిటీ ఎంతో తేల్చడానికి, సోడియం ఆక్సలేట్, ఎండబెట్టింది, తుల్యాంక భారం 67. ఉదాహరణకి 0.2010 గ్రాములు తీసుకున్నావ్, అంటే 3 మిల్లీ ఈక్వివలెంట్లు, నీళ్ళలో కరిగించి డైల్యూట్ సల్ఫ్యూరిక్ పోసి 70 డిగ్రీల దాకా వేడి చేశావ్. ఇప్పుడు బ్యూరెట్ నుంచి మొదటి చుక్క పడగానే గులాబీ రంగు వచ్చి అలాగే ఉండిపోతుంది, ఫ్లాస్కు తిప్పుతూనే ఉంటావ్, పోదు, కొత్తవాళ్ళు ఇక్కడ భయపడి ఎండ్ పాయింట్ అయిపోయిందని ఆపేస్తారు. ఆగు. పది ఇరవై సెకన్లు తిప్పు, అది మెల్లగా వెలిసిపోతుంది, రెండో చుక్క ఇంకొంచెం త్వరగా పోతుంది, కొన్ని చుక్కలయ్యాక పడ్డది పడ్డట్టే మాయమవుతుంది, ఎందుకంటే రియాక్షన్‌లో పుట్టే మాంగనీస్ అయానే ఆ రియాక్షన్‌ని పరిగెత్తిస్తుంది. చివర్లో లేత గులాబీ అర నిమిషం నిలబడితే అదీ ఎండ్ పాయింట్, అప్పటికి కూడా ఫ్లాస్కు 60 డిగ్రీల కంటే చల్లారకూడదు. రీడింగ్ 29.7 వచ్చిందనుకో, 3ని 29.7తో భాగిస్తే 0.1010 ఎన్. బ్యూరెట్‌లో రంగు ముదురుగా ఉంటుంది కాబట్టి కింది వంపు కనిపించదు, పై అంచే చదవాలి, మొదలూ చివరా రెండూ పై అంచే. యాసిడ్ ఏదైతే ఏంటి అని హైడ్రోక్లోరిక్ పొయ్యకు, క్లోరైడ్‌ని కూడా పర్మాంగనేట్ ఆక్సీకరిస్తుంది, రీడింగ్ పెరిగిపోతుంది. నైట్రిక్ కూడా వద్దు, అది తనే ఒక ఆక్సిడైజర్.

డైక్రోమేట్ ఇంతకంటే ఎంతో సుఖం, ఎన్ ఫ్యాక్టర్ 6, 294.18ని 6తో భాగిస్తే 49.03, ఎండబెట్టి 4.903 గ్రాములు తూచి లీటర్ చేస్తే 0.1 నార్మల్, అది ప్రైమరీ స్టాండర్డ్ (తూకాన్నే నమ్మగలిగేంత శుద్ధమైనది) కాబట్టి తూకమే నార్మాలిటీ. థయోసల్ఫేట్ అయొడిన్‌తో ఒకటి, 0.1 నార్మల్‌కి లీటర్‌కి 24.8 గ్రాములు. సిల్వర్ నైట్రేట్ ఒకటి. ఆక్సాలిక్ యాసిడ్ రెండు, కానీ ఇక్కడ ఒక మెలిక, బాటిల్ మీద డైహైడ్రేట్ అని ఉంటుంది, అణుభారం 126.07 తీసుకుని 63 అవుతుంది, పుస్తకంలో చూసి నీళ్ళు లేని 90తో లెక్కేసి 4.5 గ్రాములు తూస్తే 0.1 బదులు 0.071 వస్తుంది. స్ఫటిక జలం ఉందా లేదా అన్నది ఎప్పుడూ బాటిల్ మీదే చూడాలి, గుర్తున్న అంకెల్ని నమ్మొద్దు. ఈ ఆక్సాలిక్ కుటుంబంలోనే పొటాషియం హైడ్రోజన్ ఆక్సలేట్ అని ఒకటుంది, దాన్ని కాస్టిక్ సోడాతో చేస్తే ఎన్ ఫ్యాక్టర్ ఒకటి, పర్మాంగనేట్‌తో చేస్తే రెండు. అదే పొడి, అదే ఫ్లాస్కు, రెండు నార్మాలిటీలు. నార్మాలిటీ రియాక్షన్‌లో ఉంటుందని నేనన్నది దీనికంటే బాగా ఇంకేదీ చూపించదు.

ఇక కాస్టిక్ సోడా. అణుభారం 40, ఎన్ ఫ్యాక్టర్ 1, 0.1 నార్మల్‌కి లీటర్‌కి 4 గ్రాములు, లెక్క చూస్తే చిన్నపిల్లాడు కూడా వేస్తాడు. కానీ జులైలో వాన పడుతున్నప్పుడు బ్యాలెన్స్ మీద పెల్లెట్లు పెట్టి చూడు. 4.012 చూపిస్తుంది, నువ్వు పెన్ తీసేలోపు 4.014, రాసేలోపు 4.017, అంకె ఆగదు, అది గాలిలో తేమ తాగుతూనే ఉంటుంది, పెల్లెట్ల పైన తడి మెరుస్తుంది. అంటే నువ్వు తూచేది కాస్టిక్ ఒక్కటే కాదు, కాస్టిక్, నీళ్ళు, పైన పట్టిన కార్బొనేట్ అన్నీ కలిపి. అందుకే దీన్ని ఎంత జాగ్రత్తగా తూచినా ఆ తూకం నార్మాలిటీ కాదు, గబగబా కొంచెం ఎక్కువే తూచి, మరిగించి చల్లార్చిన నీళ్ళలో కరిగించి, పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌తో స్టాండర్డైజ్ చెయ్యాలి, దాన్నే ల్యాబుల్లో కేహెచ్‌పీ అంటాం. అది ఆరబెట్టాక బ్యాలెన్స్ మీద బుద్ధిగా కూర్చుంటుంది, తేమ తాగదు, అణుభారం 204.22, బరువు ఎక్కువ కాబట్టి తూకంలో చిన్న తేడా వచ్చినా పెద్దగా దెబ్బతినం. 0.5106 గ్రాములు తీసుకుంటే ఫినాఫ్తలీన్‌తో 24.6 ఎంఎల్ అయిందనుకో, 0.5106 × 1000 ÷ (204.22 × 24.6), అంటే 0.1016 ఎన్. మూడుసార్లు చెయ్యి, మూడూ దగ్గర దగ్గరగా రావాలి. బ్రిటిష్ ఫార్మకోపియా (మందుల ప్రమాణాల పుస్తకం) ప్రకారం వాల్యూమెట్రిక్ సొల్యూషన్ చెప్పిన స్ట్రెంగ్త్ నుంచి 10 శాతం దాకా అటూ ఇటూ ఉండొచ్చు, కానీ రిపీట్ రీడింగ్‌ల ఆర్ఎస్‌డీ (వాటి మధ్య తేడాని చూపే కొలత) 0.2 శాతం దాటకూడదు. అంటే సరిగ్గా 0.1000 రావాలని నీళ్ళు పోస్తూ పొద్దంతా కూర్చోనక్కర్లేదు, ఉన్నదెంతో కచ్చితంగా తెలిస్తే చాలు, లెక్కలో ఆ ఫ్యాక్టర్ పెట్టుకోవచ్చు.

ఈ ఉన్నదెంతో తెలియాలి అనే మాట నాకు ఎలా ఒంటబట్టిందో చెప్తా. చాలా ఏళ్ళ కింద ఒక బల్క్ డ్రగ్ యూనిట్‌లో పని చేసేవాడిని. ఒక ప్రొడక్ట్ అస్సే (అసలు పదార్థం ఎంత శాతం ఉందో చూసే పరీక్ష) నాన్ ఆక్వియస్ టైట్రేషన్, అంటే నీళ్ళు లేకుండా, 0.1 నార్మల్ పర్క్లోరిక్ యాసిడ్, గ్లేషియల్ అసిటిక్ యాసిడ్‌లో. మే నెల. పొద్దున ఏసీ నడుస్తుంటే 24 డిగ్రీల దగ్గర కేహెచ్‌పీతో స్టాండర్డైజ్ చేశా, 0.1012 వచ్చింది, ఇక్కడ కేహెచ్‌పీ ఆమ్లంలా కాదు క్షారంలా పని చేస్తుంది, ఎన్ ఫ్యాక్టర్ ఒకటే. మధ్యాహ్నం కరెంట్ పోయి ఏసీ ఆగిపోయింది, రూమ్ 33 డిగ్రీలయింది, కరెంట్ వచ్చీ రాగానే తొందరపెడుతుంటే అస్సే మొదలుపెట్టా. 101.1 వచ్చింది. లిమిట్ 99.0 నుంచి 101.0. ఓఓఎస్ (రిజల్ట్ లిమిట్ దాటిందన్న రిపోర్ట్) రాశాం, ప్రొడక్షన్ వాళ్ళని పిలిచారు, బ్యాచ్ ఆగింది, ఆ షిఫ్ట్ ఆపరేటర్‌ని నిలబెట్టి డ్రయ్యింగ్ ఎందుకు సరిగ్గా చెయ్యలేదు, ఏం కలిపావ్ అని అడుగుతుంటే నేను పక్కనే ఉన్నా. రాత్రి ఇంటికెళ్ళాక కూడా నిద్ర పట్టలేదు, కాగితం తీసి మళ్ళీ లెక్కేశా. గ్లేషియల్ అసిటిక్ యాసిడ్ ఒక డిగ్రీకి 0.11 శాతం వ్యాకోచిస్తుంది, తొమ్మిది డిగ్రీలకి దాదాపు ఒక శాతం. మధ్యాహ్నానికి నా బాటిల్ 0.1012 కాదు, 0.1002. పలచబడ్డ ద్రావణం ఎక్కువ ఖర్చయింది, నేనేమో పొద్దున నార్మాలిటీతో గుణించా. సరిచేస్తే అస్సే 100.1. బ్యాచ్‌లో ఏ తప్పూ లేదు. తెల్లారి వెళ్ళి ముందు మా ఇన్‌చార్జికి చెప్పా, తర్వాత ఆ ఆపరేటర్ దగ్గరికి వెళ్ళి చెప్పా. ఆ మనిషి ఏమీ అనలేదు, తలూపి పనిలోకి వెళ్ళిపోయాడు, ఆ మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పట్నుంచి నార్మాలిటీ పక్కన టెంపరేచర్ రాయకుండా ఏ లాగ్ బుక్‌లోనూ సంతకం పెట్టలేదు.

నీళ్ళతో చేసిన ద్రావణాలకి ఇంత తేడా రాదు, 25 నుంచి 35 డిగ్రీలకి 0.3 శాతం దాకా, అయినా హైదరాబాద్ ఎండలకి అది కూడా చూసుకోవాలి. వాల్యూమెట్రిక్ ఫ్లాస్కు మీద 20 డిగ్రీలనో 27 డిగ్రీలనో ముద్రించి ఉంటుంది, ఆ మార్క్ ఆ టెంపరేచర్‌కే సరి. పర్క్లోరిక్ నువ్వు చెయ్యాల్సి వస్తే మాత్రం ఎవరైనా తెలిసినవాళ్ళు పక్కన ఉండగానే చెయ్యి, 70 శాతం పర్క్లోరిక్ 8.5 ఎంఎల్‌ని ముందు గ్లేషియల్ అసిటిక్‌లో కలిపాకే అసిటిక్ అన్‌హైడ్రైడ్ మెల్లగా పొయ్యాలి, ఆ రెండిటినీ నేరుగా కలపడం ప్రమాదం.

క్యూసీ నుంచి ఎప్పుడైనా ఈటీపీ (వ్యర్థ నీళ్ళని శుద్ధి చేసే ప్లాంట్) ల్యాబ్‌కి వేస్తే అక్కడ సీఓడీ (నీళ్ళలోని మలినాల ఆక్సీకరణకి ఎంత ఆక్సిజన్ కావాలో చూసే పరీక్ష) కోసం ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్ వాడతావ్, ఎన్ ఫ్యాక్టర్ 1. అది గాలికే మెల్లగా ఆక్సీకరణ చెంది బలం తగ్గిపోతుంది, అందుకే వాడే రోజే డైక్రోమేట్‌తో స్టాండర్డైజ్ చెయ్యమంటారు. 0.25 అని వారం కింద రాసిన అంకె పెట్టి లెక్కేస్తే, అసలు 0.23 ఉంటే, సీఓడీ దాదాపు 9 శాతం ఎక్కువ చూపిస్తుంది. సీఓడీ ఫార్ములాలో 8000 ఎక్కడిదని నన్ను చాలామంది అడిగారు, అది ఆక్సిజన్ తుల్యాంక భారం 8ని మిల్లీగ్రాముల కోసం వెయ్యితో గుణించింది, వేరే రహస్యమేం లేదు. బోరు నీళ్ళ ఆల్కలినిటీ లెక్కలో వచ్చే 50000 కూడా అంతే, కాల్షియం కార్బొనేట్ తుల్యాంక భారం 50. ఇలాంటి లెక్కల్లో నార్మాలిటీ ఎంత సుఖమో తెలుస్తుంది, 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఒక ఎంఎల్ అంటే ఒక మిల్లీగ్రాము కాల్షియం కార్బొనేట్, వంద ఎంఎల్ నీళ్ళు తీసుకుంటే బ్యూరెట్ రీడింగ్‌ని పదితో గుణిస్తే చాలు. నీ బాటిల్‌లాగా రెండింతల స్ట్రెంగ్త్‌తో చేసి పెట్టామనుకో, ప్రతి నమూనా ఆల్కలినిటీ సగమే రిపోర్ట్ అవుతుంది, ఎవరికీ అనుమానం కూడా రాదు.

ఇంత గందరగోళం ఉందనే ఐయూపాక్ (అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంస్థ) వాళ్ళు నార్మాలిటీ వాడొద్దనే అంటారు, ఇండియన్ ఫార్మకోపియా, బ్రిటిష్ ఫార్మకోపియా మోలారిటీలోనే రాస్తాయి, యూఎస్ ఫార్మకోపియా మెథడ్స్‌లో మాత్రం ఎన్ అనే రాత నీకు చాలా కనిపిస్తుంది. మన దగ్గర ఒకే ల్యాబ్‌లో రెండు రకాల మెథడ్స్ నడుస్తాయి కాబట్టి రెండూ రావాలి. మెథడ్‌లో 0.05 మోలార్ సల్ఫ్యూరిక్ అని ఉంటే నీ ర్యాక్‌లో ఉన్న 0.1 నార్మల్ బాటిల్ అదే. 0.1 మోలార్ అని ఉంటే అది కాదు. నీకు ఇప్పుడు జరిగింది ఆడిట్ ముందు రోజు జరగలేదు, సంతోషం.

మరి ఆ బాటిల్ ఏం చెయ్యాలంటే, ముందు మీ ఎస్ఓపీ (పని ఎలా చెయ్యాలో కంపెనీ రాసిన పద్ధతి) చూడు, తప్పుగా తయారైన సొల్యూషన్ పారేయమని ఉంటే లాగ్ బుక్‌లో ఉన్నదున్నట్టు రాసి, న్యూట్రలైజ్ చేసి వదిలెయ్, దాచడానికి ప్రయత్నించకు. డైల్యూట్ చేసి వాడుకోవచ్చని ఉంటే లెక్క ఇదీ, టైట్రేషన్‌కి పోగా దాదాపు 900 ఎంఎల్ మిగిలిందనుకో, 900 × 0.198 = 178.2, దాన్ని 0.1తో భాగిస్తే 1782, అంటే 882 ఎంఎల్ నీళ్ళు కలపాలి. బాగా కలిపి రాత్రంతా ఉంచి, రేపు పొద్దున సోడియం కార్బొనేట్ కొత్తగా ఆరబెట్టింది తీసుకుని, ఎండ్ పాయింట్ దగ్గర ఒక్కసారి మరిగించి కార్బన్ డయాక్సైడ్ పోగొట్టి, చల్లార్చి, మళ్ళీ చుక్క చుక్కగా చూడు. 0.1060 తూచితే ఈసారి 20 ఎంఎల్ దగ్గర రావాలి. మూడు రీడింగ్‌లూ, రూమ్ టెంపరేచరూ నాకు రాసి పంపు, చూస్తా.